వేలు ఇచ్చేముందు

మా వాడల్లో పెద్దవాళ్ళకి ఒక అలవాటు ఉంది. కాగితాలు పట్టుకుని ఎవరైనా వచ్చి "పేరేంటి? ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే మంచం మీంచి లేచి నిలబడతారు. తర్వాత సగమే నిజం చెబుతారు. "వేలు చాపండి" అంటే చెయ్యి చీర కొంగులోకో, తుండు కిందికో పోతుంది. షుగరు పరీక్షకు వచ్చిన నర్సమ్మలు ఇది చూసి "మీవాళ్ళకి అవగాహన లేదు మాస్టారూ" అంటుంటారు. మా పెద్దవాళ్ళకి అవగాహన చాలా ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియక అలా అంటారు.

మేము ఎరుకల వాళ్ళం. పల్నాడులో, పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్ళ చివర పదీ పదిహేను ఇళ్ళుగా ఉంటాం. ఒకప్పుడు గంపలు, తట్టలు అల్లి, పందులు కాచి, ఎరుక చెప్పి బతికాం. ఇప్పుడు ఎక్కువమందిమి మిరప కోతలకి, పత్తి తీతలకి, సున్నపు బట్టీల్లోకి పోతున్నాం. మాలో కొందరం టీచర్ ట్రైనింగ్ చదివి బడుల్లో పాఠాలు చెబుతున్నాం. షుగరు పరీక్ష గురించి మన పిల్లలకీ, సాటి టీచర్లకీ నాలుగు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాం. ముందు వేలి సంగతి చెప్పాలి.

1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని కొత్తగా రాసి మద్రాసు రాజధానిలో కూడా అమలు చేశారు. అప్పటికి మన ప్రాంతం మద్రాసు రాజధానిలోదే. ఆ చట్టం కింద ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టారు. పేర్లు రిజిస్టర్లో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్మెంటే. మావాళ్ళని అక్కడ పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పజెప్పారు. స్వాతంత్ర్యం వచ్చాక ఐదేళ్ళకి, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది గానీ, "వేలు ఇస్తే పేరు ఎక్కుతుంది, పేరు ఎక్కితే పోలీసు వస్తాడు" అన్న మాట తాతల నోటినుంచి మనవల దాకా వచ్చింది.

ఆ తర్వాత కూడా వేలు మాకు మంచి చేసింది తక్కువ. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని మేస్త్రి సంవత్సరమంతా తనతో తిప్పుకున్నాడు. రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే, మిరపకాయలు కోసి, సున్నం ఎత్తి గీతలు అరిగిపోయిన వేలిని మిషన్ గుర్తుపట్టదు. ఇన్ని జరిగిన వేలిని ఇప్పుడు ఎవరో వచ్చి సూదితో గుచ్చుతామంటే చెయ్యి వెనక్కి పోవడంలో వింతేముంది?

కానీ ఈ వేలు మాత్రం ఇవ్వాలి. ఎందుకో చెప్పడానికి మా ఇంటి సంగతే చెబుతాం.

మా పెద్దమ్మ మిరప కోతల్లో గట్టి చెయ్యి. ముఠాలో ఆమె సాలు ముందు ఉండేది. మనిషి ఎండుపుల్లలా సన్నగా ఉండేది. ఒక ఏడు దాహం ఎక్కువైంది. ఎండకి, మిరప ఘాటుకి అనుకుంది. రాత్రి నాలుగైదుసార్లు లేచేది. తాగిన నీళ్ళేగా అనుకుంది. ఒళ్ళు ఇంకా తగ్గింది. కూలి జనంలో ఒళ్ళు తగ్గితే ఎవరూ అడగరు. పత్తి కట్టె పీకేసిన చేలో నడుస్తుంటే మోడు ఒకటి అరికాల్లో దిగింది. ఆమెకి తెలియలేదు. ఇంటికొచ్చాక చెప్పు నిండా రక్తం చూసి మనవరాలు అరిస్తే అప్పుడు చూసుకుంది. పసుపు పెట్టారు, ఆకు పసరు కట్టారు. తర్వాత ఊళ్ళో సూది మందు వేసే ఆయన దగ్గర పది రోజులు సూదులు వేయించారు. ఎవరూ షుగరు చూడలేదు. ఇంత సన్నటి మనిషికి షుగరేంటి? చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే షుగరు నాలుగు వందలు దాటి ఉంది. రెండు వేళ్ళు తీసేశారు. అప్పటికి ఆమెకి యాభై కూడా నిండలేదు. ఆ ఖర్చుకి తెచ్చిన అడ్వాన్సు తీర్చడానికి ఇంటిల్లిపాదీ రెండు సీజన్లు ఒకే మేస్త్రి కింద పనిచేశారు. ఆ రెండేళ్ళూ మా చెల్లెలి వరసైన పిల్ల బడికి రాలేదు.

ఒక చుక్క రక్తం ముందే చూసి ఉంటే ఆ రెండు వేళ్ళు, ఆ పిల్ల రెండేళ్ళ చదువు మిగిలేవి. షుగరు కూర్చుని తినేవాళ్ళ జబ్బని మేం అనుకుంటూ వచ్చాం. మావాళ్ళే కాదు, పక్కనున్న యానాదులు, సుగాలీలు కూడా అలాగే అనుకుంటారు. లెక్కలు వేరేగా చెబుతున్నాయి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళని పరీక్షించి 2006లో అచ్చువేసిన అధ్యయనంలో నూటికి 13 మంది దాకా షుగరు ఉన్నవాళ్ళు తేలారు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన పెద్ద సర్వే 2023లో బయటికొచ్చింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని అందులో తేలింది. 2018లో డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన గిరిజన ఆరోగ్యం మీద వచ్చిన నిపుణుల కమిటీ నివేదిక, ఆదివాసీలకి పాత బరువులైన తిండిలేమి, అంటురోగాలు దిగకముందే బీపీ, షుగరు లాంటి కొత్త బరువు వచ్చి పడుతోందని చెప్పింది.

ఇప్పుడు ప్రభుత్వం చేస్తున్న పరీక్ష ఎలా ఉంటుందో తెలుసుకుందాం. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడాలన్నది జాతీయ కార్యక్రమం. ముందు ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఒక ప్రశ్నల కాగితం నింపుతుంది. వయసు ఎంత, పొగాకు, సారా అలవాటు ఉందా, నడుము కొలత ఎంత, ఒంటికి శ్రమ ఉందా, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉందా అని అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటినవాళ్ళని ముందు పరీక్షకి పిలవాలి. తర్వాత గ్రామ క్లినిక్‌లోనో, సబ్ సెంటర్లోనో వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తారు. ఏ వేళలో చూసినా డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు దాటితే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపాలి. డాక్టరే ఊరికి రావాలన్న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని 2023 ఏప్రిల్ 6న మొదలుపెట్టింది మన పల్నాడు జిల్లాలోనే, చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో. ప్రభుత్వాలు మారితే పేర్లు మారతాయి. ఊళ్ళో పరీక్ష, ఉచితంగా మాత్రలు అన్న మాట మాత్రం మారకూడదు. దాన్ని అడిగే హక్కు మనది.

అయితే ఆ ప్రశ్నల కాగితం దగ్గర మనవాళ్ళు ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో మా పెద్దమ్మకి ఆ కాగితం నింపి ఉంటే ఏమయ్యేది? వయసుకు ఒకటో రెండో మార్కులు. నడుము కొలత ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితేనే మార్కు. ఆమె నడుముకి సున్నా. తెల్లారి లేస్తే ఒళ్ళు వంచే పనే, దానికీ సున్నా. ఇంట్లో ఎవరికైనా ఉందా అంటే, ఎవరికీ ఎప్పుడూ పరీక్షే చేయలేదు కాబట్టి "లేదు". మొత్తం కలిపినా నాలుగు దాటేది కాదు. మార్కులు తక్కువ వచ్చినా ముప్పై దాటినవాళ్ళందరికీ పరీక్ష చేయాలని నిబంధన చెబుతుంది. పని ఒత్తిడిలో మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళతోనే ఆ రోజు గడిచిపోతుంది. సన్నటి కూలి మనిషి మిగిలిపోతుంది.

సన్నటివాళ్ళ షుగరు సంగతి డాక్టర్ల లోకంలో కూడా చాలాకాలం నలిగింది. చిన్నప్పటినుంచి తిండి చాలక పెరిగినవాళ్ళకి వచ్చే షుగరుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఒక రకంగా గుర్తించి, 1999లో జాబితాలోంచి తీసేసింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు, ఇతర దేశాల వాళ్ళతో కలిసి, ఇలాంటివాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ తయారీయే తక్కువగా ఉంటుందని చూపించారు. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సభలో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దీన్ని ఐదో రకం షుగరుగా గుర్తించింది. సన్నగా ఉన్న ప్రతి ఒక్కరిదీ ఈ రకమే అని కాదు. మా పెద్దమ్మది ఏ రకమో ఎవరూ తేల్చలేదు. మనం పట్టుకోవలసిన మాట ఒక్కటే: ఒంటిని చూసి "నీకు షుగరు ఉండదులే" అని ఎవరు అన్నా నమ్మకూడదు.

తిండి మాట కూడా చెప్పుకోవాలి. పరీక్షకు వెళ్తే "అన్నం మానెయ్యండి, జొన్నలు తినండి" అంటారు. వినడానికి నవ్వొస్తుంది. పల్నాడులో జొన్న కూడు తప్ప ఇంకేమీ దొరకదని శ్రీనాథ కవి ఎగతాళి చేశాడని చాటు పద్యాలు చెబుతాయి. ఆ జొన్నలు, సజ్జలు, కొర్రలు తిని మా తాతలు బతికారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. వరి వచ్చింది, తర్వాత పత్తి, మిరప వచ్చాయి. భూమి లేని మాకు ఆ నీళ్ళు కూలి రూపంలో అందాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కానీ మూడు పూటలా బియ్యమే అయింది. ఇప్పుడు జొన్నలు కొందామంటే రేషన్ బియ్యం కంటే ధర చాలా ఎక్కువ.

ఇది మా ఒక్కరి కథ కాదు. అమెరికాలో అరిజోనా ఎడారిలో పీమా అనే ఆదివాసులు ఉన్నారు. హీలా నది నీళ్ళతో మొక్కజొన్న, చిక్కుళ్ళు పండించుకుని బతికేవాళ్ళు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన తెల్ల రైతులు నీళ్ళు మళ్ళించుకున్నారు. పంటలు ఎండాయి. తర్వాత ప్రభుత్వం ఇచ్చిన మైదాపిండి, కొవ్వు, చక్కెర మీద బతకాల్సి వచ్చింది. ప్రపంచంలోనే షుగరు ఎక్కువ ఉన్న జనాల్లో వాళ్ళు ఒకరయ్యారు. మెక్సికో కొండల్లో అదే జాతివాళ్ళు పాత పద్ధతిలో సేద్యం చేసుకుంటూ ఉన్నారు. 2006లో వచ్చిన అధ్యయనంలో అరిజోనా పీమాల్లో నూటికి 38 మందికి షుగరు ఉంటే, మెక్సికో పీమాల్లో 7గురికే ఉంది. రక్తం ఒకటే, బతుకులు వేరు. కాబట్టి "మీ జాతికి ఇది రాసి ఉంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జాతి మీద రాత రాసే మాటలు మేం ఒకసారి విన్నాం, చాలు. అలాగే జొన్న మందు అని కూడా అనుకోవద్దు. జొన్నలో కూడా పిండి పదార్థమే ఉంది, ఎంత తింటున్నామన్నది అక్కడా లెక్కే.

మరి మా వాడలో పరీక్ష ఎలా జరిగింది? మొదట రెండుసార్లు పగలు పదకొండు గంటలకి వచ్చారు. అప్పటికి ఆటో వెళ్ళిపోయి ఐదు గంటలైంది. వాడలో ముసలివాళ్ళు, పిల్లలు, కుక్కలు తప్ప ఎవరూ లేరు. రిజిస్టర్లో "ఇల్లు తాళం" అని రాసుకుని పోయారు. అక్టోబరు నుంచి పత్తి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప. ఆ నెలల్లో పగటి పరీక్ష మావాళ్ళకి అందదు. మేము ఆశా అక్కతో మాట్లాడాం. మూడోసారి ఆమె, నర్సమ్మ తెల్లవారుజామున ఐదింటికి వచ్చారు. ముందురోజు రాత్రే వాడంతా తిరిగి "పొద్దున్నే టీ తాగొద్దు" అని మా భాషలో చెప్పి ఉంచాం. పరగడుపు పరీక్షకి ఆ వేళే సరైనది కూడా.

చెయ్యి మొదట ఎవరు చాపుతారు అన్న దగ్గర అంతా ఆగింది. మా అవ్వ వరసైన ఒకామె, ఒకప్పుడు ఊరూరా తిరిగి ఎరుక చెప్పినామె, ముందుకొచ్చింది. "ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ చేతులు మనం చూశాం, ఇప్పుడు మన చెయ్యి వాళ్ళు చూస్తారంట, చూడనీ" అంది. అందరూ నవ్వారు. తర్వాత వరస కట్టారు. ఆటో ఆరుంబావుకి కదిలింది, మేస్త్రి కాస్త గొణిగాడు, అంతే. ముప్పై దాటినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ వేలు ఇచ్చారు. అవ్వకి లేదు. ఆమె కొడుక్కి ఉంది. సున్నపు బట్టీలో పనిచేసే మనిషి, పాదాలు మొద్దుబారి చాలాకాలమైందంట, చెప్పుకోలేదు. వేడి సున్నం మీద అడుగు పడినా తెలియని పాదాలు బట్టీ పనిలో ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష అయిపోతే పని అయిపోయినట్టు కాదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు, జనాన్ని పరీక్షించడానికి నియమాలు రాశారు. జబ్బు పట్టుకుంటే వైద్యం అందే ఏర్పాటు ముందు ఉండాలన్నది అందులో ఒకటి. సంఖ్య చెప్పి వదిలేస్తే భయం మిగులుతుంది గానీ ఆరోగ్యం రాదు. అందుకే వేలు ఇచ్చేముందు ఈ మాటలు అడగాలి. పిల్లలు చదివి పెద్దవాళ్ళకి చెప్పండి.

ఒకటి, నా సంఖ్య ఎంత? కాగితం మీద రాసివ్వమనాలి. పరగడుపున 126, తిన్న రెండు గంటలకి 200 దాటితే షుగరు అంటారు. కానీ వేలి చుక్కతో చూసింది చివరి మాట కాదు, డాక్టరు దగ్గర మళ్ళీ రక్తం చూసి ఖాయం చేయాలి.

రెండు, ఖాయం చేసే పరీక్ష ఎక్కడ, ఏ రోజు? కూలి ఒక్క రోజే పోయేట్టు అన్నీ ఆ రోజే అయ్యేలా అడగాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేస్తామంటే, రక్తహీనత గానీ, సికిల్ సెల్ గానీ ఉంటే ముందే చెప్పాలి. ఆ జబ్బులున్నవాళ్ళలో ఈ పరీక్ష తప్పు లెక్క చూపవచ్చు.

మూడు, మాత్రలు ఎక్కడ ఇస్తారు, వలస పోతే ఎలా? కోతలకి ఊరు వదిలేముందు ఎన్ని రోజులకి ఇస్తారో అడిగి తెచ్చుకోవాలి. మందుల చీటీని ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోవాలి. ఏ ఊరి పీహెచ్‌సీలోనైనా అది చూపించవచ్చు.

నాలుగు, ఈ మాత్ర తిండికి ముందా, తర్వాతా? గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకుని తినకుండా చేలోకి పోతే షుగరు మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తాయి. చూసేవాళ్ళు తాగాడనుకుంటారు, ఎండదెబ్బ అనుకుంటారు. మనిషికి స్పృహ ఉంటే వెంటనే చక్కెరో, బెల్లం నీళ్ళో ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఐదు, నా పేరు ఏ రిజిస్టర్లోకి పోతుంది, ఎవరు చూస్తారు? అడగడం తప్పు కాదు. నలుగురిలో సంఖ్య గట్టిగా చదవొద్దని కూడా చెప్పవచ్చు. షుగరు ఉందని తెలిస్తే మేస్త్రి ముఠాలోంచి తీసేస్తాడన్న భయం మావాళ్ళకి ఉంది, అది ఉత్త భయం కాదు.

వీటితో పాటు, షుగరు ఉన్నవాళ్ళు రోజూ పడుకునేముందు అరికాళ్ళు చూసుకోవాలి. కనబడకపోతే పిల్లలు చూడాలి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించాలి. షుగరు ఉన్నవాళ్ళకి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ.

సాటి టీచర్లకి ఒక మనవి. బడిలో పేరెంట్స్ మీటింగ్ పెట్టే రోజు ఆశా కార్యకర్తని కూడా పిలవండి. సాయంత్రం ఏడు తర్వాత పెడితే కూలి జనం వస్తారు. నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలకి లెక్కల్లో 126, 140, 200 ఏది ఎక్కువ, ఎంత ఎక్కువ అని ఇంట్లో కాగితాలు చదవడం నేర్పండి. మీ బడి పరిధిలో ఊరి చివర ఉన్న ఎరుకల, యానాది, సుగాలీ, చెంచు ఇళ్ళు ఆశా జాబితాలో ఉన్నాయో లేవో ఒక్కసారి సరిచూడండి. పది ఇళ్ళ వాడ వెయ్యిమంది లెక్కలో సులువుగా జారిపోతుంది.

చదువుకున్న మన పిల్లలకి ఇంకో మాట. నీలగిరి జిల్లా గూడలూరులో ఆదివాసీ పిల్లలే నర్సులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొంది తమవాళ్ళ ఆసుపత్రి నడుపుతున్నారు. మన వాడలనుంచి కూడా ఏఎన్‌ఎంలు, నర్సులు, ల్యాబు టెక్నీషియన్లు రావాలి. సూది పట్టుకున్న చెయ్యి మనవాళ్ళదైతే, మన భాషలో మాట్లాడితే, చాపే చెయ్యి వెనక్కి పోదు.

పాత రిజిస్టర్లో మన పేర్లు రాసింది మనం ఎక్కడికీ పోకుండా చూడటానికి. ఈ కొత్త రిజిస్టర్లో మన పేరు ఉంటే, రెండు నెలలు మాత్రలకి రాని మనిషి ఏమయ్యాడో ఎవరో ఒకరు వచ్చి అడగాలి. అడగకపోతే మనమే వెళ్ళి నిలదీయాలి. అవ్వ కొడుకు ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు, బట్టీలో మూసిన చెప్పులు వేసుకుంటున్నాడు. పోయిన నెల మాత్రలు అయిపోయాయని అతని కూతురు, మా బడిలో ఐదో తరగతి పిల్ల, చీటీ పట్టుకుని క్లినిక్‌కి ఒక్కతే వెళ్ళి తెచ్చింది. "అయిపోయేదాకా ఆగకూడదు, వారం ముందే రావాలంట" అని వచ్చి మాకే పాఠం చెప్పింది.